చదివి వినిపించారా?

అట్రాసిటీ కేసు బలం మొదటి రోజు స్టేషన్‌లో రాసిన కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితాన్ని చదివించుకుని వినడం బాధితుల హక్కు.

ఎఫ్‌ఐఆర్ ఫారం చివర్లో, ఫిర్యాదుదారు సంతకం చేసే చోటికి కాస్త పైన, ఒక వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. రాసింది ఫిర్యాదుదారుకు చదివి వినిపించామని, సరిగ్గానే ఉందని ఒప్పుకున్నారని, కాపీ ఉచితంగా ఇచ్చామని దాని సారాంశం. ఎవరూ చదవకపోయినా, కాపీ చేతికి రాకపోయినా ఆ వాక్యం అక్కడే ఉంటుంది. కింద సంతకమో వేలిముద్రో పడితే చాలు, అదంతా జరిగినట్టే రికార్డుకెక్కుతుంది.

కులం పేరుతో అవమానమో దాడో జరిగితే వరంగల్‌లో ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఫిర్యాదు ఎలా ఇవ్వాలి అన్నది ఈ ఆదివారానికి ఎడిటర్ అప్పగించిన పని. చట్టం, నియమావళి, తీర్పులు ముందేసుకుని కూర్చుంటే మిగతావన్నీ పక్కకుపోయి ఈ ఒక్క వాక్యమే మిగిలింది. కేసు తర్వాత ఎటు తిరిగినా, దాని మూలం ఈ ఫారంలోనే కనబడుతుంది.

ఏం రాశారన్నదే కేసు

మొదట సెక్షన్ల కాలమ్ చూడాలి. కొట్టిన దానికి, బెదిరించిన దానికి మామూలు సెక్షన్లు పెట్టి, కులం సంగతి వదిలేస్తే అది అట్రాసిటీ కేసే కాదు. కులం పేరుతో దూషించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(ఎస్) కిందికి, కావాలని అవమానించడం 3(1)(ఆర్) కిందికి వస్తాయి. రెండింటికీ ఒక షరతుంది. అది నలుగురి కంటబడే చోట జరిగి ఉండాలి.

ఈ షరతు దగ్గరే కేసులు నిలబడతాయి, పడిపోతాయి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి గేటు దగ్గర తిట్టినా అది నలుగురి కంటబడే చోటేనంది. 2020లో హితేష్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదంది. అందుకే ‘ఇంటి దగ్గర కులం పేరుతో దూషించారు’ అని స్టేషన్ రైటర్ రాసుకుంటే సరిపోదు. గేటు ముందా, లోపలా? వాడకట్టు వాళ్లు ఎవరెవరు నిలబడి విన్నారు? అన్న మాటలేమిటి? నోటికి రాకూడని మాటలైనా సరే, ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి రావాలి.

ఎనిమిదో కాలమ్ ఇంకా ముఖ్యం. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం రాసేది అక్కడ. పల్లెల్లో గొడవ జరిగిన వెంటనే స్టేషన్‌కు వెళ్లేవాళ్లు తక్కువ. పెద్దమనుషులు కూర్చోబెడతామంటారు, రాజీ చేస్తామంటారు, రోజులు గడిచిపోతాయి. తీరా విచారణలో ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్న, ‘ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?’ పంచాయితీ పేరుతో ఆపారన్న ముక్క ఆ కాలమ్‌లో ఉంటే జవాబు ముందే ఉన్నట్టు. లేకపోతే, ఆపినవాళ్లు చేసిన ఆలస్యం బాధితుల మీదే పడుతుంది.

వరంగల్ చుట్టూ ఉన్న తండాల నుంచి వచ్చే ఆడబిడ్డ సంగతి ఆలోచించండి. ఇంట్లో మాట్లాడేది లంబాడీల గోర్‌బోలి, స్టేషన్‌లో రాసేది తెలుగు, సెక్షన్లు ఇంగ్లీషు. ఆమెకు అర్థమయ్యేలా చదివి చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటే ఆ కేసు ఆమెది కాదు, రాసినవాళ్లది.

చదవకపోతే నేరం

చట్టం ఈ సంగతి గుర్తించింది. అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నియమావళిలోని 5వ నిబంధన ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన చట్ట సవరణ ఇవన్నీ అధికారి విధులుగా 4వ సెక్షన్‌లో ఒక్కొక్కటిగా చేర్చింది. ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చెందని ప్రభుత్వోద్యోగి కావాలని ఈ విధులు తప్పితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ‘ముందు విచారణ చేసి, నిజమైతే కేసు కడతాం’ అనే మాటకూ చోటు లేదు. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ చెబుతోంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

నా అనుమానమల్లా ఒక్కచోటే. విధులు తప్పిన అధికారి మీద అభియోగం మోపాలంటే శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. తప్పు చేసిందీ, తప్పా కాదా అని తేల్చేదీ ప్రభుత్వ యంత్రాంగమే అయినప్పుడు ఆ సిఫారసు ఎంత సులభంగా వస్తుందో ఊహించుకోవచ్చు. కాబట్టి 4వ సెక్షన్ పనిచెయ్యాలంటే ముందు స్టేషన్‌లో కూర్చున్న మనిషికి అది తెలిసి ఉండాలి. ‘చదవండి సార్’ అని అడగ్గలగాలి.

ఆ కాపీ ఎందుకు?

కాపీ లేకపోతే తర్వాతి మెట్లేవీ ఎక్కలేరు. ఈ కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. కమిషనరేట్ అయిన వరంగల్‌లో ఆ స్థాయి ఏసీపీది. అభియోగపత్రానికి గడువు 60 రోజులు. దూషణ కేసుల్లో పరిహారం లక్ష రూపాయలు, తొలి వాయిదా ఎఫ్‌ఐఆర్ దశలోనే రావాలి. 15ఎ సెక్షన్ ప్రకారం నిందితుల బెయిలు విచారణలోనూ బాధితుల మాట వినాలి. గడువు లెక్కపెట్టాలన్నా, పరిహారం అడగాలన్నా చేతిలో నంబరు, తేదీ, సెక్షన్లు ఉండాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 2021లో జిల్లాల పేర్లు మారాక హనుమకొండకు ఒక కలెక్టరు, వరంగల్‌కు ఇంకో కలెక్టరు. పోలీసు కమిషనరేట్ మాత్రం ఒక్కటే. మూడు నెలలకోసారి కలవాల్సిన జిల్లా పర్యవేక్షణ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. కాబట్టి ఘటన ఏ జిల్లాలో జరిగిందో చూసుకుని ఆ కలెక్టరుకే రాయాలి.

నేపథ్యం

అంటరానితనం నేరమన్న చట్టం 1955లో వచ్చింది. 1976లో అదే పౌర హక్కుల పరిరక్షణ చట్టమైంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. 2007లో ఆ ఊళ్లోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో కాకతీయ మెడికల్ కాలేజీ గిరిజన పీజీ విద్యార్థిని మరణంపై ర్యాగింగ్ నిషేధ చట్టంతో పాటు అట్రాసిటీ చట్టం కిందా కేసు నమోదైంది.

బాక్స్ 1: స్టేషన్‌లో తీసుకోకపోతే

• ఫిర్యాదు సారాంశం రాసి పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.
• అప్పటికీ కదలకపోతే కోర్టుకు వెళ్లొచ్చు.
• ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చెయ్యాలి.
• అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయం 15100. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఇస్తారు.

బాక్స్ 2: కులం కాక ఇంకేదైనా అయితే

• ద్వేష నేరాలకంటూ మనకు విడి చట్టం లేదు. కులం, సమూహం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చంపితే భారతీయ న్యాయ సంహిత 103(2), తీవ్రంగా గాయపరిస్తే 117(4).
• మత విద్వేషం రెచ్చగొడితే 196, మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే 299.
• రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి.

ఊళ్లోనే చదవండి

నెలాఖరులో ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై వస్తారు, రెండు గ్లాసుల పద్ధతి నేరమని చెబుతారు. అది చెప్పాల్సిందే. ఆ సభలోనే ఖాళీ ఎఫ్‌ఐఆర్ ఫారం ఒకటి తెచ్చి, కాలమ్ తర్వాత కాలమ్ ఎస్సై నోటితోనే చదివించాలి. ఎనిమిదో కాలమ్‌లో ఏం రాయించాలో, సంతకానికి ముందు ఏం అడగాలో ఊరంతా అక్కడే వినాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. రెండు జిల్లాల కలెక్టర్లు, పోలీస్ కమిషనర్ అనుకుంటే వచ్చే నెలాఖరుకే మొదలుపెట్టొచ్చు. ఎస్సై నోట విన్న హక్కును రేపు అదే ఎస్సై ముందు కూర్చుని అడగడానికి ఎవరూ వెనకాడరు.