ఎండ ఉన్న ఊళ్ళో ఉడుకునీళ్ళ లెక్క

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎండకు ఏనాడూ కరువు లేదు, కరువంతా వానకే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే నేల ఇది. కదిరి పక్కన ఎన్.పి.కుంటలో అంత పెద్ద సోలార్ పార్కు వెలిసింది ఈ ఎండను నమ్ముకునే. మరి హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో మనం కరెంటు ఖర్చుపెట్టి నీళ్ళు ఎందుకు కాచుకుంటున్నాం? మిద్దె మీద సోలార్ హీటర్ బిగించుకుంటే సరిపోదా? ఈ ప్రశ్నకు ఎండ ఒక్కటే జవాబు చెప్పలేదు. మన బోరు నీళ్ళను, చలికాలం పొడవును, కరెంటు బిల్లును కూడా అడగాలి.

నీళ్ళు కాగడానికి అంత కరెంటు ఎందుకవుతుంది?

నీటి గుణమే అంత. వేడెక్కడానికి అది బోలెడంత వేడిని మింగుతుంది. జనవరి తెల్లవారుజామున ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 20 లీటర్ల బకెట్టును ఒంటికి హాయిగా ఉండే 42 డిగ్రీలకు తేవాలంటే సగం యూనిట్టు కావాలి. అదే సగం యూనిట్టుతో 75 వాట్ల ఫ్యాను ఆరున్నర గంటలు తిరుగుతుంది. ఇంట్లో నలుగురుంటే రోజుకు రెండు యూనిట్లు, గీజర్ ఒంట్లోంచీ పైపుల్లోంచీ పోయే వేడి కూడా కలుపుకుంటే రెండున్నర. నెలకు 75 యూనిట్లు.

ఈ 75 యూనిట్ల ధర ఎంత అన్నదాంట్లోనే చాలామంది లెక్క తప్పుతారు. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు ధర చూసుకుంటారు. కానీ మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది. 2022లో సవరించిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ ఎలాగూ తప్పవు. వాటికే 150 యూనిట్లు అయ్యే ఇంట్లో గీజర్ వాడే 75 యూనిట్లు వాటి మీద ఎక్కి కూర్చుంటాయి. అంటే అన్నీ 6 రూపాయల శ్లాబులోనే పడతాయి. నెలకు 450 రూపాయలు, ఆపైన సర్దుబాటు ఛార్జీలు వేరు. ఇంట్లో ముందే 225 దాటిపోయి ఉంటే అవే నీళ్ళు 650 రూపాయల పైచిలుకు. ఒకే వీధిలో రెండిళ్ళవాళ్ళకు ఒకే బకెట్టు ఉడుకునీళ్ళు వేరు వేరు ధరకు పడుతున్నాయన్నమాట.

రాడ్డు ఎక్కువ కరెంటు లాగుతుందంటారే?

లాగదు. నీళ్ళలో ముంచిన కడ్డీ అయినా, గోడకున్న గీజరైనా కరెంటును వేడిగా మార్చే తీరులో తేడా లేదు. 1500 వాట్ల రాడ్డు ఒక బకెట్టును 20 నిమిషాల్లో కాచేస్తుంది, అదే సగం యూనిట్టుతో. పైగా కాగినవి కాగినట్టే పోసుకుంటాం కాబట్టి నిలవ ఉంచి పోగొట్టుకునే వేడి లేదు. రాడ్డుతో వచ్చే చిక్కు బిల్లుది కాదు, ప్రాణానిది. స్విచ్చి వేసి ఉండగా నీళ్ళు వెచ్చబడ్డాయా అని వేలు ముంచి చూడడం, స్టీలు బకెట్టులో పెట్టడం, ఎర్త్ లేని ప్లగ్గులో గుచ్చడం, పిల్లలు తిరిగే చోట వదిలేసి వంటింట్లోకి వెళ్ళడం. వీటివల్లే రాడ్డు వద్దంటాను.

గీజర్ మీద ఉండే నక్షత్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీళ్ళు కాగాక ఊరికే ఉన్నప్పుడు ఇరవై నాలుగు గంటల్లో ఎంత వేడి కోల్పోతుందన్నదాన్ని బట్టి కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఆ నక్షత్రాలు ఇస్తుంది. స్విచ్చి రోజంతా వేసి ఉంచే ఇంటికి అవి బాగా పనికొస్తాయి. స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, వెళ్ళేముందు ఆపేసే అలవాటున్న ఇంట్లో అయిదు నక్షత్రాలకూ మూడు నక్షత్రాలకూ తేడా చిల్లరే. 15 లీటర్ల గీజర్‌ను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.7 యూనిట్టు అవుతుంది. అందులో చన్నీళ్ళు కలిపితే 27 లీటర్ల స్నానపు నీళ్ళొస్తాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. చిన్న గీజర్, మంచి ఎర్త్, వెంటనే ఆపేసే అలవాటు, అంతే.

సోలార్ హీటర్ ఎలా పనిచేస్తుంది?

వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. ఇంతకు మించి యంత్రమేమీ లేదు, మోటారూ అక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి గాజు గొట్టాలవి. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, రెండింటి మధ్య గాలి తీసేసిన ఖాళీ, లోపలి గొట్టం మీద ఎండను పీల్చే పూత. ఫ్లాస్కులో కాఫీ చల్లారనట్టే ఇందులోకి వచ్చిన వేడి బయటికి పోదు. రెండో రకం అద్దం కింద నల్లటి రాగి పలకలవి. ధర ఎక్కువ, కానీ రాయి తగిలితే పుటుక్కుమని పగిలే రకం కాదు. కోతుల బెడద ఉన్న వీధుల్లో ఇదీ ఆలోచించుకోవలసిందే.

మన ఊళ్ళు 14 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. పలకలు దక్షిణం చూడాలి. మనకు వేడి కావలసింది చలికాలంలో, అప్పుడు సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి వాలు అక్షాంశం కన్నా ఇంకొంచెం ఎక్కువగా, 25 డిగ్రీల దాకా ఉంటే మంచిది. చన్నీళ్ళ ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు నెత్తికన్నా ఎత్తులో ఉండాలి. మన మిద్దెల మీద తరచూ కనిపించే తప్పు ఇదే. సింటెక్స్ ట్యాంకు పక్కనే సమానంగా హీటర్ పెట్టేసి, తర్వాత నీళ్ళు సరిగా రావడం లేదని ప్లంబర్‌ను తిట్టుకుంటారు. ఇంకో మాట: ఖాళీ గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్ళు వదలొద్దు, గాజు పగులుతుంది. నింపడం తెల్లవారో పొద్దుగూకాకో చేయాలి. గొట్టం అడుగున అద్దంలా మెరిసే పూత తెల్లబడిందంటే లోపలికి గాలి చేరిందని గుర్తు. ఆ ఒక్క గొట్టం మార్చుకుంటే చాలు.

మరి బోరు నీళ్ళు?

అసలు పరీక్ష ఇక్కడే. మన బోరు నీళ్ళలో కరిగి ఉన్న సున్నం నీళ్ళు వేడెక్కగానే విడిపోయి లోపలి గోడలకు పేరుకుంటుంది. ఎంత ఎక్కువ వేడి చేస్తే అంత ఎక్కువ. గీజర్ కడ్డీ మీద అది తెల్లటి పెంకు కట్టి వేడిని నీటికి చేరనివ్వదు; కడ్డీ కాలిపోతుంది. సోలార్‌లో రాగి గొట్టాలు సన్నవి కనుక త్వరగా పూడుకుపోతాయి. గాజు గొట్టాలవి వెడల్పు ఎక్కువ, విప్పి కడుక్కోవచ్చు. అందుకే బోరు నీళ్ళే గతి అయిన ఇంటికి గాజు గొట్టాలవే నయం, లేదంటే కాగే నీళ్ళూ వాడే నీళ్ళూ కలవకుండా చేసే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రాగి పలకలు. హిందూపురంలో గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్ళు వచ్చే ఇళ్ళకు ఈ బెడద తక్కువ. ఆ కుళాయి నీళ్ళనే హీటర్‌కు వదిలి, బోరు నీళ్ళను మిగతా పనులకు ఉంచుకోవచ్చు. గీజర్ ఉన్నవాళ్ళు థర్మోస్టాట్‌ను 50 దగ్గర పెట్టుకుంటే సున్నమూ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. కొన్ని రోజులు వాడకుండా నిలవున్న నీళ్ళను మాత్రం ఒకసారి 60 దాకా కాచి ఆ తర్వాతే వాడండి.

పైపు గురించి ఎవరూ చెప్పరు. మిద్దె మీది నుంచి స్నానాలగదికి 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే అందులో నాలుగు లీటర్ల దాకా చల్లారిన నీళ్ళు నిలిచి ఉంటాయి. ఉడుకునీళ్ళు రావాలంటే ముందు అవి పోవాలి. ట్యాంకరుకు డబ్బిచ్చి నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో పొద్దున్నే నాలుగు లీటర్లు మోరీపాలు చేయడం ఎలా ఒప్పుకుంటాం? అర అంగుళం పైపు వేస్తే అది సగానికి పైగా తగ్గుతుంది. పైపుకు నురగ తొడుగు వేయించాలి. ఆ మొదటి నీళ్ళను పట్టడానికి ఒక బకెట్టు పెట్టుకోవాలి, ఇంకేమీ అక్కర్లేదు.

అయితే కొనుక్కోవాలా, వద్దా?

సోలార్ హీటర్ల ప్రచారంలో వంద లీటర్ల యూనిట్ ఏడాదికి 1500 యూనిట్లు ఆదా చేయగలదని చెబుతుంటారు. ఏడాది పొడుగునా వాడేవాళ్ళకు అది నిజమే కావచ్చు. మన సంగతి వేరు. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ చలి కొంచెం ఎక్కువ, ధర్మవరంలో తక్కువ. ఎక్కడైనా కార్తీకంలో మొదలైన చలి శివరాత్రికి శివశివా అని వెళ్ళిపోయేదే. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వవు. అప్పుడు సోలార్ హీటర్ ఉత్త పుణ్యానికి నీళ్ళు కాచుతూ కూర్చుంటుంది. గొట్టాల మీద గోనెపట్టా కప్పాల్సి వస్తుంది.

అందుకని అయిదు నెలలకే లెక్క వేయండి. 6 రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి ఆదా 2,250 రూపాయలు. హీటర్ ఇరవై వేలకు వచ్చిందనుకుంటే తొమ్మిదేళ్ళకు గిట్టుబాటు. 8 రూపాయల 75 పైసల శ్లాబు ఇంటికి ఆరేళ్ళు. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉండి ఏడాదంతా ఉడుకునీళ్ళే పోసుకునే ఇంటికి ఇంకా త్వరగా. కేంద్రం ఈ హీటర్లకు ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మాత్రం 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇజ్రాయెల్ 1980లోనే కొత్త ఇళ్ళకు సోలార్ హీటర్ తప్పనిసరి చేసింది, మన పక్కనే బెంగళూరు కూడా అదే దారి పట్టింది. వాళ్ళను చూసి మనమూ అలాగే చేయాలనుకోవడం సహజం. కానీ ఆ ఊళ్ళ చలి వేరు, మన చలి వేరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సొంత మిద్దె ఉండి, కొంత డబ్బు పెట్టగలిగిన ఇంటికి సోలార్ హీటర్ కన్నా సోలార్ కరెంటు పలకలే మేలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడూ అంతకు పైనా ఉంటే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మన ఎండకు రెండు కిలోవాట్ల పలకలు నెలకు 240 యూనిట్లకు అటూ ఇటూగా ఇస్తాయి. అందులో గీజర్ వాటా 75 పోయినా మిగతాది ఇంటికి. మే నెలలో ఉడుకునీళ్ళు అక్కర్లేనప్పుడు అదే ఎండ కూలర్‌ను తిప్పుతుంది. పలకల లోపల సున్నం పేరుకోదు. పెట్టుబడి పెద్దది, సందేహం లేదు. అంత పెట్టలేనివాళ్ళు, బిల్లు 225 యూనిట్లు దాటేవాళ్ళు గాజు గొట్టాల హీటర్‌కు వెళ్ళండి. బిల్లు 125 యూనిట్ల లోపే ఉన్నవాళ్ళు ఏదీ కొనకండి, గీజర్ స్విచ్చి మీద కన్నేసి ఉంచండి చాలు.

హీట్ పంపు అని కొత్తగా వినిపిస్తోంది. చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీటికి ఎక్కిస్తుంది; ఒక యూనిట్టు కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి. మన వెచ్చటి గాలికి బాగా నప్పుతుంది కూడా. కానీ ధర చూస్తే లాడ్జీలకు, ఆసుపత్రులకు, హాస్టళ్ళకే గిట్టుతుంది.

సోలార్ హీటర్ ఏడాదంతా ఎవరికి పనికొస్తుంది?

పట్టు పనివాళ్ళకు. ధర్మవరంలో నేతకు ముందు ముడి పట్టుదారానికి ఉన్న బంక వదలడానికి సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తారు. దారం బరువులో ఇంచుమించు నాలుగో వంతు ఆ బంకే. తర్వాత అద్దకానికి మళ్ళీ మరిగే నీళ్ళు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ నుంచి కొనుక్కెళ్ళి దారం తీసేవాళ్ళు గూళ్ళు ఉడికించాలి. మేలో అయినా డిసెంబరులో అయినా ఈ పొయ్యి ఆరదు. సోలార్ హీటర్ నీళ్ళను మరిగించదు, 60 డిగ్రీల దాకా తెస్తుంది. 25 నుంచి 95కి తేవలసిన నీళ్ళను ఎండ 60కి తెచ్చిపెడితే సరిగ్గా సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికే కట్టెలు. అయితే ఇక్కడా బోరు నీళ్ళ పేచీ ఉంది. సున్నం నీళ్ళలో సబ్బు తరకలు కడుతుంది, దారానికి అంటుకుంటుంది. మెత్తటి నీళ్ళు చూసుకున్నాకే హీటర్ సంగతి.

పల్లెల్లో ఇప్పటికీ నీళ్ళకాగు కింద మల్బరీ కట్టెలు, కందికట్టె, జాలికంప పెడతారు. చేతికందే కట్టె ఉన్నచోట దాన్ని మానమని చెప్పడానికి నాకు నోరు రాదు. పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం పెట్టించి, కాగును ఆరుబయట ఉంచుకుంటే చాలు.

గ్యాస్ గీజర్ ఎందుకు వద్దంటారు?

ఖర్చు చూసి కాదు. మూసిన స్నానాలగదిలో గ్యాస్ మండితే ప్రాణవాయువు తగ్గిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతున్నట్టు అనిపించేలోపే మనిషి పడిపోతాడు, తలుపు లోపల గడియ వేసి ఉంటుంది. మీ ఇంట్లో గ్యాస్ గీజర్ స్నానాలగది లోపల ఉంటే ఈ చలికాలం రాకముందే బయటి గోడకు మార్పించండి.