జుబారా రేవులో 44 పడవలు

ఖతార్ వాయవ్య తీరంలో, దోహాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జుబారా ఉంది. చూడవచ్చిన వాళ్ళు ముందు కోట దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు. ఆ కోటకు పెద్ద వయసు లేదు. 1938లో తీరం కాపలా కోసం కట్టారు. అసలు పట్నం కోట అవతల, సముద్రం వైపు ఇసుకలో ఉంది. గోడల మొదళ్ళు, ఊరి చుట్టూ తిరిగిన ప్రహరీ ఆనవాళ్ళు, ఖర్జూరం రసం కారి కుండలో పడేలా నేలలో గాడులు తీసిన చిన్న గదులు కనిపిస్తాయి. యునెస్కో 2013లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను సర్వేయర్ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహాలో రోడ్డు పనుల్లో కొలతలు తీసే ఉద్యోగం చేశాను. ఏ నేల మీద నిలబడ్డా ఇది ఎవరిది, హద్దు ఎవరు పెట్టారు, పక్కవాడు ఒప్పుకున్నాడా అన్నవే నాకు ముందుగా తోస్తాయి. జుబారా విషయంలో ఈ ప్రశ్నలకు 1895లో జవాబు చెప్పింది బ్రిటిష్ యుద్ధనౌకలు. అక్కడ ఇల్లు కట్టుకున్న వాళ్ళను ఎవరూ అడగలేదు. మన వాళ్ళు లక్షల్లో పనిచేస్తున్న ఈ దేశాల చరిత్రలో మనకు తెలియాల్సిన ముక్క ఇదని నా నమ్మకం. ఆ ఓడలు ఇండియా ప్రభుత్వం తరఫున మాట్లాడాయి మరి.

జుబారా 1760ల్లో పెరిగిన ఊరు. కువైట్ వైపు నుంచి వచ్చిన ఉతూబ్ తెగల వాళ్ళు, వారిలో ముఖ్యంగా ఆల్ ఖలీఫా వంశం, ముత్యాల వ్యాపారంతో దాన్ని పెద్ద రేవు చేశారు. 1783లో ఆ వంశమే ఎదురుగా ఉన్న బహ్రెయిన్ ద్వీపాలను గెలుచుకుంది, తర్వాత అక్కడికే మారింది. 1811లో మస్కట్ సేనలు జుబారాను తగలబెట్టాయి. ఊరు చిన్నబోయింది గానీ, అది మా తాతల గడ్డ అన్న మాటను బహ్రెయిన్ పాలకులు వదల్లేదు. ఖతార్‌లో బలపడుతున్న ఆల్ థానీ వంశం ఆ మాటను ఒప్పుకోలేదు.

ఆ తీరంలో బతుకు ఎలా సాగేదో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. అక్కడ వాన దాదాపు లేదు, పంట లేదు. జుబారా వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఊరి బయట మురైర్ అనే మరో పాత కోట దగ్గరి బావుల నుంచే రావాలి. ఆస్తి అంటే పడవ. పడవలో ఇల్లూ వాకిలీ సర్దుకుని తెగ మొత్తం మరో రేవుకు పోవచ్చు. షేక్ పన్నులు పెంచినా, అవమానించినా, తీర్పులో పక్షపాతం చూపినా తెగపెద్ద చేతిలో ఉన్న గట్టి జవాబు అదే. ముత్యాల పడవలు పోతే షేక్ రాబడి పోతుంది, యుద్ధానికి మనుషులూ పోతారు. అందుకని చాలాసార్లు షేకే దిగివచ్చి బతిమాలి తెచ్చుకునేవాడు. ఆ తీరంలో పాలకుడికి ముకుతాడు వేసింది ఈ వలస భయమే. ఓటు లేని కాలంలో ఇంతకంటే పదునైన హక్కు జనం చేతిలో మరొకటి ఉందని నేననుకోను.

ఆ హక్కుకు అడ్డుగా వచ్చింది బ్రిటిష్ నౌకాబలం. 1820లో తీరపు షేకులతో ఒప్పందం, 1835లో ముత్యాల కాలానికి సంధి, 1853లో శాశ్వత సంధి. సముద్రం మీద ఎవరూ ఎవరి మీదా దాడి చేయకూడదన్నది వాటి సారాంశం. దీనివల్ల మేలు జరగలేదని అనను. ముత్యాలకు వెళ్ళిన పడవ క్షేమంగా ఇంటికి చేరడం చిన్న విషయం కాదు. 1861లో బహ్రెయిన్‌తో మరో ఒప్పందం కుదిరింది. షేక్ సముద్రం మీద యుద్ధాలు మానుకుంటాడు, సముద్రం మీంచి వచ్చే దాడుల నుంచి బ్రిటిష్ వాళ్ళు అతన్ని కాపాడతారు. ఇవన్నీ చూసుకునే రెసిడెంట్ అనే బ్రిటిష్ అధికారి ఇరాన్ తీరంలోని బుషెహర్‌లో ఉండేవాడు. మొదట బొంబాయికి, 1873 నుంచి నేరుగా కలకత్తాలోని ఇండియా ప్రభుత్వానికి జవాబుదారీ. అతని కచేరీ ఖర్చు భరించిన ఖజానాలో గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు కట్టిన శిస్తు కూడా ఉంది.

సంధి కాగితాల మీద సంతకాలు షేకులవి. కాబట్టి బ్రిటిష్ అధికారి లెక్కలో తీరమంటే కొందరు షేకులు, వాళ్ళ కింద ప్రజలు. ఒక షేక్‌ను కాదని పోయిన తెగకు ఆ లెక్కలో చోటు లేదు. ఖోర్ అల్ ఉదైద్‌లో ముందే ఇది తేలింది. అబూధాబీ షేక్‌తో పొసగక కుబైసాత్ అనే తెగ 1869లో ఆ సముద్రపు పాయ ఒడ్డుకు చేరి, మేము ఎవరి కిందా లేమంది. అంతకుముందు 1830ల్లోనూ ఆ తెగ అక్కడికే వచ్చింది, అబూధాబీ వాళ్ళు వచ్చి ఊరిని ధ్వంసం చేశారు. ఈసారి 1878లో అబూధాబీ షేక్ జాయెద్ బిన్ ఖలీఫా పడవలకు తోడుగా బ్రిటిష్ యుద్ధనౌక కదిలింది. అవి చేరేసరికే ఊరు ఖాళీ. జనం దోహాకు పోయారు, వదిలిన ఇళ్ళను కూలగొట్టారు.

జుబారాలో జరిగింది ఇంకా ఘోరం. 1895లో అల్ బిన్ అలీ తెగకు బహ్రెయిన్ పాలకుడు షేక్ ఈసాతో గొడవ వచ్చింది. వీళ్ళూ ఉతూబ్ వాళ్ళే, ముత్యాల పనిలో ఆరితేరిన వాళ్ళు. తెగపెద్ద సుల్తాన్ బిన్ ముహమ్మద్ బిన్ సలామా తన వాళ్ళతో సముద్రం దాటి జుబారాలో దిగాడు. ఆల్ థానీ వంశపు ఖతార్ షేక్ జాసిం రమ్మని చోటిచ్చాడు. 1871 నుంచి దోహాలో కూర్చున్న ఒట్టోమన్ తుర్కులూ అండగా నిలిచారు. జాసిం రెండేళ్ళ కిందటే వజ్బా దగ్గర ఆ తుర్కులనే ఓడించాడు. అయినా జుబారా విషయంలో ఇద్దరికీ ఒకటే కావాలి, బహ్రెయిన్ మాట అక్కడ చెల్లకూడదు. ఒక తెగ అలక కాస్తా రెండు సామ్రాజ్యాల పట్టుదలగా మారింది ఇక్కడే.

వెనక్కి పొమ్మని రెసిడెంట్ విల్సన్ కబురు పెట్టాడు. తెగ కదల్లేదు. గల్ఫ్‌లో పనికోసమే కట్టిన పక్కచక్రాల ఆవిరి ఓడ ‘స్ఫింక్స్’ వచ్చి కొన్ని పడవలను పట్టుకుపోయింది. తర్వాత జుబారాలో పడవలు పోగవడం మొదలైంది. బహ్రెయిన్ మీద దాడికే ఇవన్నీ అన్నారు బ్రిటిష్ అధికారులు. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయలేం, జాసిం మామూలు మనిషి కాదు. సెప్టెంబరు 6న స్ఫింక్స్ కెప్టెన్ పెల్లీ, ‘పిజన్’ అనే మరో నౌకను తోడు తీసుకుని రేవులోని పడవల మీద ఫిరంగులు పేల్చాడు. 44 పడవలు ధ్వంసమయ్యాయి. జాసిం తెల్లజెండా ఎత్తాడు. అల్ బిన్ అలీ వారిలో చాలామంది మళ్ళీ ఈసా పాలనలోకే వెళ్ళారు.

ఈ 44 అన్న అంకె దగ్గర నేను ఆగిపోతాను. చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. ఒక్కో ముత్యాల పడవలో ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు, తాడు పట్టి పైకి లాగేవాళ్ళు, వంటకు, చిల్లర పనులకు కుర్రాళ్ళు ఉంటారు. దిగేవాడు ముక్కుకు కొమ్ముతో చేసిన క్లిప్పు పెట్టుకుంటాడు, కాలికి రాయి కట్టుకుంటాడు, మెడలో చిప్పలకు వల సంచి. వేసవి మొదలయ్యాక బయలుదేరితే సెప్టెంబరు చివర దాకా ఇదే బతుకు. పెట్టుబడి అంతా వ్యాపారి ఇచ్చిన బయానా, సీజన్ పోతే అది అప్పుగా మిగులుతుంది, తండ్రి అప్పు కొడుకు మీద పడుతుంది. ఆ రోజుల్లో పడవను ముంచడమంటే పంట చేతికొచ్చే వేళ రైతు కాడెడ్లను చంపడం. దాడిని ఆపడానికి అదొక్కటే దారి అని నేను నమ్మను. అది శిక్ష. మళ్ళీ ఊరు వదిలిపోయే ధైర్యం ఎవరికీ రాకూడదని వేసిన శిక్ష.

ఆ చిప్పల ముత్యాలే బొంబాయి వ్యాపారుల చేతులు దాటి బస్రా ముత్యాలన్న పేరుతో హైదరాబాద్ నవాబుల దండల్లోకి చేరాయి. పత్తర్‌గట్టీ దుకాణాల్లో పాత వ్యాపారులు ఇప్పటికీ ఆ పేరును గౌరవంగా పలుకుతారు. ఆ దండల్లో ఏ గింజను ఏ పడవ తెచ్చిందో చెప్పే లెక్క ఎక్కడా లేదు.

ఓడల వైపు లెక్కలు మాత్రం పుష్కలం. లోరిమర్ అనే ఐసీఎస్ అధికారి గల్ఫ్ గురించి కూర్చిన భారీ గెజిటీర్ 1908లో, 1915లో కలకత్తాలో అచ్చయింది, అదీ అధికారుల వాడకానికే. ఇప్పుడు ఆ గెజిటీర్‌ను, రెసిడెన్సీ ఫైళ్ళను ఖతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీ కలిసి ఇంటర్నెట్‌లో పెట్టాయి, ఎవరైనా చదవొచ్చు. చదివితే నాకు కష్టంగా అనిపించేది ఇది: పేజీల కొద్దీ తెగ ఏం చేసిందో, ఎవరితో కలిసిందో ఉంటుంది. ఎందుకు ఇల్లు వదిలిందన్నది రాసేవాళ్ళకు పెద్ద విషయం కాదు.

ఫిరంగులతో జుబారా తగువు తీరలేదు. 1937లో అక్కడి నయీం తెగలో బహ్రెయిన్ వైపు నిలిచిన వర్గం ఆల్ థానీ సేనల చేతిలో ఓడి బహ్రెయిన్‌కు వలసపోయింది. ఆ మరుసటి ఏడే ఇప్పుడు ఫొటోల్లో కనిపించే కోట లేచింది. 1991లో బహ్రెయిన్‌తో ఉన్న హద్దు తగువు మీద ఖతార్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 2001 మార్చి 16న తీర్పు వచ్చింది: జుబారా ఖతార్‌ది, తగువులోనే ఉన్న హవార్ దీవులు బహ్రెయిన్‌వి. జుబారా విషయంలో న్యాయమూర్తులందరిదీ ఒకే మాట. ఫిరంగులు లేకుండా హద్దు తేలడం గొప్ప సంగతి, రెండు దేశాలూ దానికి తలవంచడం ఇంకా గొప్ప సంగతి. అయితే కోర్టు ముందున్న కక్షిదారులు రెండు రాజ్యాలు. తెగలు అక్కడ సాక్ష్యాలుగానే కనిపిస్తాయి, ఎవరు ఎవరికి కప్పం కట్టారు, ఎవరి మాట విన్నారు అని.

రెండు ఒడ్ల మీదా ఆ తెగల బంధువులు ఉన్నారు. 2017లో బహ్రెయిన్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నప్పుడు అవతల కూతురు, ఇవతల తల్లి ఉన్న కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. విమానాలు మళ్ళీ తిరగడానికి 2023 మే దాకా పట్టింది. ఆ ఏడాదే, ఎన్నో ఏళ్ళుగా మూలనపడ్డ సముద్రపు వంతెన పథకాన్ని మళ్ళీ కదిలిస్తామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. ఆ నమూనాలో వంతెన ఖతార్ నేలను తాకే చోటు జుబారాకు దగ్గర్లోనే ఉంది.