వంపు గట్టు చేను

దీర్ఘచతురస్రాకారముగల చేని వైశాల్యము కనుగొనుట మీరెరుగుదురు. పొడవును వెడల్పుచే హెచ్చవేసిన చాలును. కాని యొక ప్రక్క ఏరు వంపు తిరిగి ప్రవహించుచున్నచో ఏమి చేయవలెను?

అట్టి చేని నొకదానిని ఊహింపుడు. దక్షిణమున 100 గజముల తిన్నని గట్టు కలదు. పడమటి కొనయందు ఏరు ఆ గట్టును తాకుచున్నది. తూర్పునకు పోయినకొలది తొలగుచున్నది: 10 గజముల యొద్ద గట్టునుండి ఏటివరకు నిడివి 1 గజము, 20 యొద్ద 4, 30 యొద్ద 9, ఇట్లు పెరిగి, తూర్పు సరిహద్దున 100 గజములగును. చేను అమ్మకమునకు వచ్చినది. చదరపు గజమునకింత యని వెల కుదిరినది.

కొనువాడు గట్టును పదేసి గజముల పట్టీలుగా విభజించి, ప్రతి పట్టీకిని పడమటి యంచు నిడివినే తీసికొనెను. 0, 1, 4, 9 మొదలుకొని 81 వరకు కూడగా 285. పదిచే హెచ్చవేయగా 2,850 చదరపు గజములు. అమ్మువాడు ఊరకుండునా? అతడు తూర్పు అంచు నిడివులను తీసికొని 3,850 అనెను. వేయి చదరపు గజముల తేడా! ఇరువది సెంట్లకు మించిన నేల. కూడికలో ఎవరును తప్పలేదు. అయినను ఎవరి లెక్కయు సరికాదు. కొనువాని దీర్ఘచతురస్రములు చేనిలో నిమిడియున్నవి. అమ్మువానివి చేనిని దాటిపోవుచున్నవి. నిజమైన వైశాల్యము ఈ రెంటి నడుమ నుండక తప్పదు.

ఇప్పుడు గజము వెడల్పున 100 పట్టీలు చేయుడు. మొత్తములు 3,283.5, 3,383.5 అగును. తేడా నూరే! ఏలయన, ప్రతి పట్టీయందును పెద్ద దీర్ఘచతురస్రము చిన్నదానికంటె ఒక ముక్క అధికముగా నుండును. ఆ ముక్కలన్నిటిని తూర్పునకు జరిపినచో, ఒకదానిపై నొకటి అమరి, 100 గజముల నిడివిగల కడపటి పట్టీని సరిగా నింపును. న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున చూపిన యుక్తి యిదియే. ఇంతకంటె ముచ్చటైన యుక్తి నాకు గణితమున తారసపడలేదు. కాగితముపై గీసి చూడుడు. పట్టీ అంగుళము వెడల్పైనచో తేడా మూడు చదరపు గజములకు లోపడును. ఎంత సన్నగా చీల్చినను రెండు మొత్తముల నడుమ నిలుచు సంఖ్య యొక్కటే: 3,333⅓.

జర్మను గణితజ్ఞుడు రీమాన్ 1854లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసమున ఈ పద్ధతికి కట్టుదిట్టమైన రూపమొసగెను. పట్టీలో ఏ చోటి నిడివినైనను తీసికొనవచ్చును. పట్టీలు సన్నగిలినకొలది మొత్తములన్నియు ఒకే సంఖ్యను సమీపించినచో, అదియే వైశాల్యము. ఇట్టి వానిని రీమాన్ మొత్తములందురు.

మన బేరగాండ్రు ఆ పది పట్టీలతోనే, ప్రతిదానికిని నడిమి నిడివిని తీసికొనియుండినచో 3,325 వచ్చియుండెడిది.