బుట్టలో బంతి వేయడం నలుగురి పని

కార్ఫ్‌బాల్ అనే మాట మనలో చాలామందికి కొత్తే. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికో బ్రూక్‌హౌసెన్ అనే బడిపంతులు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడాలని తయారుచేసిన ఆట ఇది. జట్టుకు నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు. కోర్టు రెండు భాగాలు. ఒక్కో భాగంలో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. రెండు గోల్స్ పడగానే భాగాలు మారాలి. ఇందాక కాపలా కాసినవాళ్ళే ఇప్పుడు దాడి చెయ్యాలన్నమాట.

పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు పిల్లలకు బాస్కెట్‌బాల్ తెలుసు గనుక దానితో పోల్చి చెబుతాను. ఇక్కడ బుట్ట వెనక పలక ఉండదు. బుట్ట ఎత్తు మూడున్నర మీటర్లు, బాస్కెట్‌బాల్ రింగు కంటే అడుగున్నర ఎక్కువే. బంతిని నేలకు కొడుతూ పోకూడదు, పట్టుకుని పరుగెత్తకూడదు. ఆడపిల్లను ఆడపిల్లే, మగపిల్లవాణ్ణి మగపిల్లవాడే అడ్డుకోవాలి. ఇంకో విచిత్రం చూడండి: ఎదుటి మనిషి మనకు చేరువలో, బుట్టవైపు నిలబడి, చెయ్యెత్తి అడ్డుపడుతుంటే బంతి వేయనే కూడదు. వేసి గోలైనా చెల్లదు!

మరి ఒక్కరి మొనగాడితనం ఏం పనికొస్తుంది? అందుకే ఒకరు స్తంభం దగ్గర నిలిచి బంతి అందుకుని తిరిగి అందిస్తారు. ఇంకొకరు బుట్టకు తగిలి పడే బంతి కోసం కాచుకుంటారు. మిగతా ఇద్దరూ దూరం నుంచి ధైర్యంగా వేసేది ఆ భరోసాతోనే.

పరుగు మీద వేసేది నాకెంతో ఇష్టం. స్తంభం దగ్గరి మనిషికి బంతి ఇచ్చి, దూరం నుంచి వేస్తానన్నట్టు ఒకడుగు వెనక్కి వెయ్యాలి. అడ్డుకునే అమ్మాయి ముందుకొస్తుంది. చటుక్కున ఆమెను దాటి బుట్టవైపు పరుగు! దారిలోనే బంతి మెత్తగా చేతికి రావాలి. దోసిలితో నీళ్ళు పైకి చిమ్మినట్టు రెండు చేతులతో కింది నుంచి ఎత్తి వదలాలి.

దూరం నుంచి వేసేటప్పుడు బంతి గడ్డం ముందర, అరచేతులు రెండూ బంతికి పక్కగా కాస్త వెనక్కి, మోచేతులు దగ్గరగా. బలమంతా మోకాళ్ళ నుంచే రావాలి, చేతులు దిశ చూపిస్తే చాలు. బాగా ఎత్తుగా వెయ్యాలి. పలక లేదుగా, బల్లపరుపుగా వేస్తే అంచుకు కొట్టుకుని ఎటో పోతుంది.

మగపిల్లలు తమలో తామే బంతి అందించుకుంటే ఏమవుతుంది? నలుగురిలో ఇద్దరే ఆడుతున్నారని ఎదుటివాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది, కాపలా సులువవుతుంది. ఆడపిల్లకు బంతి ఇవ్వక తప్పని ఆట! పదో తరగతి దాటగానే "ఇంకా ఆటలేమిటే" అని మనం మానిపిస్తున్న పిల్లల సంగతి చెబుతున్నాను.

కోర్టు లేదంటారా? అడుగు తీసేసిన ప్లాస్టిక్ బుట్టను గడకు గట్టిగా కట్టించండి. అసలు బుట్టకూ అడుగు ఉండదు. పెనాల్టీ వేసే చోటు స్తంభానికి రెండున్నర మీటర్లు. పదికి ఎనిమిది పడేదాకా పిల్లను అక్కడి నుంచి వెనక్కి జరగనివ్వకండి.