మీకు తెలుసా? మందకు అసలు రక్షణ రాత్రి దొడ్డే

చిరుతపులి, తోడేలు ఎక్కువగా చీకటిలోనే వేటాడతాయి. పామూరు వైపు నెల్లూరు జాతి గొర్రెల మందలను ఎరువు కోసం చేలల్లో ఆపేదీ రాత్రిపూటే. చేను చుట్టూ కట్టే నడుమెత్తు వల జీవాలను చెదరకుండా ఉంచుతుంది గాని, చెట్లెక్కే చిరుతను ఆపలేదు. అందుకే దొడ్డికి నాలుగు వైపులతో పాటు పైన కూడా గట్టి ఇనుప వల, సందులేని తలుపు ఉండాలి. కుక్కలు, దీపం, మనిషి కాపలా దానికి తోడు కావాలి గాని, దాని బదులు కాలేవు.

చిరుతను పట్టి దూరపు అడవిలో వదిలితే సరిపోదా అని కొందరు అడుగుతారు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2001 తర్వాత అలాగే చేశారు. మనుషుల మీద దాడులు తగ్గకపోగా పెరిగాయని పరిశోధకులు తేల్చారు. విషం, కరెంటు తీగ ఇంకా చెడ్డ దారి. ఆ తీగకు సాటి రైతులూ బలవుతారు. పైగా చిరుత, తోడేలు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి; వాటిని చంపడం జైలు శిక్ష పడే నేరం. ఊరూరా తిరిగే మందకు పైకప్పు దొడ్డి కుదరదన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటప్పుడు కనీసం గొర్రెపిల్లలనూ, ఈనిన గొర్రెలనూ ఊరి దొడ్డిలో ఉంచవచ్చు. దాడి జరిగితే కళేబరాన్ని కదిలించకుండా వెంటనే అటవీ శాఖకు చెప్పండి. పరిహారానికి ఆ శాఖ సిబ్బంది చేసే పరిశీలనే ఆధారం.