బీటెక్‌ ప్రాజెక్టుగా మొదలై.. గోడెల్‌ పురస్కారం దాకా

కాన్పూర్‌ ఐఐటీ కంప్యూటర్‌ సైన్స్‌ విభాగంలో ఇద్దరు విద్యార్థులు బీటెక్‌ చివరి ఏడాది ప్రాజెక్టుగా చేపట్టిన పరిశోధన, శాస్త్రవేత్తలకు చిరకాలంగా కొరుకుడుపడని ప్రశ్నకు 2002లో సమాధానమైంది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో వేగంగా, నిస్సందేహంగా తేల్చడమెలా అన్నదే ఆ ప్రశ్న.

7, 13 వంటి చిన్న సంఖ్యలనైతే భాగించి చూస్తే చాలు. వందలాది అంకెలున్న సంఖ్యలకు ఆ పద్ధతి అసాధ్యం. ఆన్‌లైన్‌ లావాదేవీలకు రక్షణ కల్పించే ఆర్‌ఎస్‌ఏ సంకేత విధానానికి అంతటి ప్రధాన సంఖ్యలే ఆధారం. అప్పటికే వాడుకలో ఉన్న మిల్లర్‌-రాబిన్‌ పరీక్ష వేగవంతమైనదే అయినా, అందులో పొరపాటుకు అత్యల్ప అవకాశం ఉంది.

నీరజ్‌ కయాల్‌, నితిన్‌ సక్సేనా తమ ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి ఆగస్టులో వెలువరించిన పద్ధతిలో పొరపాటుకు తావులేదు. అంకెలు పెరిగినా లెక్కింపు సమయం హద్దు మీరదని వారు నిరూపించారు. ముగ్గురి ఇంటిపేర్ల తొలి ఆంగ్లాక్షరాలతో అది ‘ఏకేఎస్‌’ పరీక్షగా ప్రసిద్ధి పొందింది. 2004లో ‘ఆనల్స్‌ ఆఫ్‌ మ్యాథమెటిక్స్‌’ పత్రిక ఆ పరిశోధన పత్రాన్ని ప్రచురించింది. 2006లో గోడెల్‌, ఫల్కర్సన్‌ పురస్కారాలు వరించాయి.

వేగం దృష్ట్యా నిత్య వినియోగంలో నేటికీ మిల్లర్‌-రాబిన్‌ వంటి పరీక్షలదే పైచేయి. అయితే సందేహానికి తావులేని వేగవంతమైన మార్గం ఉందని తొలిసారి రుజువు చేసిన ఘనత మాత్రం ఆ విభాగానిదే.