మెజారిటీ ఎవరిది?

1991లో నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో పి.వి.నరసింహారావు 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అసలు అభ్యర్థినే నిలపలేదు. అదే ఏడాది ఢిల్లీలో ఆయన నడుపుతున్నది మాత్రం మైనారిటీ ప్రభుత్వం. నంద్యాలలో పొంగిపొర్లిన మెజారిటీ పార్లమెంటులో చాలలేదు. మాట ఒకటే, లెక్కలు వేరు.

నంద్యాల లెక్కలో మెజారిటీ అంటే మొదటి, రెండో స్థానాల మధ్య ఓట్ల తేడా. బ్రిటిష్ వాడుక నుంచి మన పత్రికలకు, కౌంటింగ్ కేంద్రం బయట బాణసంచాతో కాచుకున్న కార్యకర్తలకు వచ్చిన అర్థమిది. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల మెజారిటీతో ఎంపీ అయ్యారంటే ఈ అర్థంలోనే. పార్లమెంటు లెక్కలో మెజారిటీ అంటే సగానికి పైన.

అమెరికన్లు వాడే మరో మాట ఉంది: ప్లూరాలిటీ. పోటీదారులందరిలోకీ ఎక్కువ ఓట్లు రావడం. సగం దాటనక్కర్లేదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు గెలిచే పద్ధతి సరిగ్గా ఇదే అయినా, ఆ మాట మన చెవిన పడదు.

తేడా ఎంత పెద్దదో 1969 రాష్ట్రపతి ఎన్నిక చూపించింది. పోటీ ప్రధానంగా ఇద్దరు తెలుగువాళ్ల మధ్య: వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. అసెంబ్లీ ఎన్నికైతే అక్కడితో గిరి మెడలో దండ పడేది. కానీ రాష్ట్రపతికి సగం దాటాలి, కోటా 4,18,169. అందుకని వెనకబడ్డవారి ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చారో లెక్కపెట్టారు. మూడో స్థానంలో ఉన్న సి.డి.దేశ్‌ముఖ్‌కు పడిన ఓట్లు ఎక్కువగా రెడ్డి వైపు మళ్లాయి. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. దాదాపు 88 వేల ఆధిక్యం 15 వేల లోపుకు దిగింది. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్ రోజుల తరబడి సాగడానికీ కారణం ఈ పద్ధతే.

ఇప్పుడు మన రాష్ట్రాలు చూడండి. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 39 శాతం పైగా ఓట్లు, 119లో 64 సీట్లు, అధికారం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకీ 39 శాతం పైగానే ఓట్లు. 175లో 11 సీట్లు. అక్కడ ఎదుటి ఓటు చీలింది, ఇక్కడ కూటమిగా ఒక్కటైంది. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతో లోక్‌సభలో 282 సీట్లు గెలిచింది.

ఈ గెలుపులన్నీ చట్టబద్ధమైనవే. నా అభ్యంతరం గెలిచాక వినబడే మాట మీద. పదిమందిలో ఆరుగురు వేరేవారికి ఓటేసిన చోట ‘ప్రజలంతా మావైపే’ అనడం ఆ ఆరుగురినీ లేరనుకోవడమే. తేడాని మెజారిటీ అని పిలిచి, దాన్నే జనాభిప్రాయంగా చూపడం వల్ల ఈ పొరపాటు సులువుగా చెల్లిపోతోంది. ఇది ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.

విలేకరి మిత్రులకు మనవి: తేడాని ‘ఆధిక్యం’ అని రాయండి, పక్కనే ఓట్ల శాతం ఇవ్వండి. పాఠకులకు కూడా: ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అభ్యర్థివారీగా శాతాలు ఉంటాయి. మీ ఎమ్మెల్యేకి పోలైన ఓట్లలో సగం వచ్చాయో లేదో ఒకసారి చూడండి.